థార్ ఎడారిలో సైకిల్ మీద ఒంటరిగా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

శీతకాలపు సైకిల్ ప్రయాణాల మీద ప్రశ్నలు పంపమని కిందటి నెల కోరాము. ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి మన తెలుగు పాఠకులు రాసిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఎడారి గురించే ఉన్నాయి కనుక ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: డిసెంబరులో నాకు పది రోజుల సెలవు దొరుకుతుంది. ఒక్కడినే సైకిల్‌కు గుడారం కట్టుకొని వెళ్ళి, థార్ ఎడారిలో జనం లేని చోట రాత్రులు గడపాలని చాలాకాలంగా కోరిక. కొరాపుట్ ఘాట్లలో బరువుతో గేర్ల సైకిల్ తొక్కిన అలవాటు ఉంది. జైసల్మేర్ నుంచి సరిహద్దు దాకా ఇసుక దిబ్బల మీదుగా దారి ఏదైనా ఉంటే చెప్పండి. రోజుకు ఎన్ని నీళ్ళు మోయాలి? ఒంటరిగా వద్దని అంటున్న ఇంట్లోవాళ్ళకు ఏమని చెప్పాలి?
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: మీ కోరికలో రెండు భాగాలు ఉన్నాయి. ఒంటరిగా వెళ్ళడం ఒకటి, జనం లేని చోట పడుకోవడం మరొకటి. మొదటిదానికి మాకు అభ్యంతరం లేదు. రెండవది మాత్రం థార్‌లో మీరు ఊహించుకున్నట్టు దొరకదు, దొరికిన చోట మిమ్మల్ని ఉండనివ్వరు.

సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్ల ఈ ఎడారి ప్రపంచంలో జనసాంద్రత ఎక్కువగా ఉన్న ఎడారులలో ఒకటి. దూరం నుంచి ఖాళీగా కనిపించే మైదానంలోకి కొంచెం లోపలికి వెళితే ఢాణీలు తగులుతాయి. ఢాణీ అంటే పొలాల మధ్య ఒకే కుటుంబానికో, రెండు మూడు కుటుంబాలకో చెందిన ఇళ్ళ గుంపు. గొర్రెల కాపరులు, ఒంటెలవాళ్ళు, గాలిమరల దగ్గర పనిచేసే కుర్రవాళ్ళు ఎక్కడో ఒకచోట ఎదురవుతూనే ఉంటారు. మనుషులు బాగా తక్కువగా ఉండే నేల కావాలంటే అక్కడ ముఖ్యంగా మూడు చోట్లు ఉన్నాయి. బట్టమేక పిట్టల కోసం కాపాడుతున్న 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయవనం ఒకటి. 1974లోనూ 1998లోనూ అణుపరీక్షలు జరిగిన పోఖ్రాన్ చుట్టుపక్కల సైన్యం కాల్పులు సాధన చేసే క్షేత్రం రెండవది. అక్కడ పేలకుండా మిగిలిపోయిన గుండ్లు ఇసుకలో ఉంటాయి, పాత ఇనుము ఏరుకోవడానికి వెళ్ళిన స్థానికులే ప్రాణాలు పోగొట్టుకున్నారు. మూడవది పాకిస్తాన్ సరిహద్దు పట్టీ. ఈ మూడింటిలో ఎక్కడా అనుమతి లేకుండా గుడారం వేయడానికి వీలు లేదు, ఒంటరి సైకిల్ మనిషికి ఆ అనుమతి దొరుకుతుందని ఆశ పెట్టుకోవడం కూడా అనవసరం.

సరిహద్దు విషయం కొంచెం వివరంగా చెప్పాలి. జైసల్మేర్ నుంచి రామ్‌గఢ్ మీదుగా తనోట్ మాత ఆలయం దాకా సుమారు 120 కిలోమీటర్ల తారురోడ్డు ఉంది. ఆ గుడి నిర్వహణ సరిహద్దు భద్రతా దళం చేతిలో ఉంది. 1971 డిసెంబరులో యుద్ధం జరిగిన లోంగేవాలా కూడా దగ్గరలోనే ఉంది. ఈ రెండు చోట్లకూ పగటిపూట యాత్రికులు మామూలుగానే వెళ్ళి వస్తారు. ఆ దారి దాటి సరిహద్దు కంచె వైపు వెళ్ళాలన్నా, నోటిఫై చేసిన సరిహద్దు గ్రామాలలోకి వెళ్ళాలన్నా జిల్లా అధికారుల అనుమతి కావాలి. కంచెకు కొన్ని కిలోమీటర్ల లోపల సాయంత్రం నుంచి తెల్లవారేదాకా ఎవరూ తిరగరాదని వాళ్ళు తరచూ ఆంక్షలు పెడుతుంటారు. అటువంటి చోట దిబ్బ వెనుక గుడారం వేసుకొని తలదీపం వెలిగించుకున్న మనిషిని చూసి గస్తీవాళ్ళు ఏమనుకుంటారో మీరే ఆలోచించండి. తనోట్ వెళితే చీకటి పడకముందే గుడి దగ్గరికి చేరి, అక్కడివాళ్ళను అడిగి, వాళ్ళు చూపించిన చోటనే పడుకోవాలి. ఆధార్ కార్డు అసలుదే దగ్గర ఉంచుకోవాలి. సైనిక వాహనాలను, స్థావరాలను ఫోటో తీయకూడదు.

ఇక దిబ్బలు. మెత్తని ఇసుకలో రెండు అంగుళాల వెడల్పు టైరులో గాలి సగానికి తగ్గించినా, సామానుతో ఉన్న సైకిల్ కొన్ని గజాలు వెళ్ళి ముందు చక్రం పాతుకుపోయి ఆగిపోతుంది. అక్కడి నుంచి తోసుకుంటూ నడవడమే. గంటకు రెండు కిలోమీటర్లు నడవడానికి రోజంతా తొక్కినంత చెమట పడుతుంది, చెమట పట్టినకొద్దీ నీళ్ళు ఖర్చు. వీడియోలలో దిబ్బ శిఖరం మీద నిలబెట్టి కనిపించే సైకిళ్ళు చాలామటుకు పక్కనే ఆగిన జీపులోంచి దిగినవని మా గట్టి అనుమానం. దిబ్బను దూరం నుంచి చూడండి, సాయంత్రం వట్టి కాళ్ళతో ఎక్కండి, సైకిల్‌ను రోడ్డు మీదనే ఉంచండి.

మీకు మేము సూచించే దారి జోధ్‌పూర్ నుంచి ఓసియాఁ, ఫలోదీ, రామ్‌దేవ్‌రా, పోఖ్రాన్ మీదుగా జైసల్మేర్. మొత్తం సుమారు 300 కిలోమీటర్లు. మీరు రాయగడవారు కనుక ఇది మరీ అనుకూలం. విశాఖపట్నం నుంచి రాయగడ మీదుగా జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీ దాకా వారానికొక రైలు ఉంది. రైలు మారే పని లేకపోతే సైకిల్‌కు సగం కష్టం తప్పినట్టే. మారవలసి వస్తే జంక్షన్‌లో దాన్ని విడిపించుకొని మళ్ళీ బుక్ చేయాలి, ఈలోగా అది ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో వెతుక్కోవడంతో ఒక పూట పోతుంది. ముందురోజే పార్సిల్ ఆఫీసుకు వెళ్ళి, పెడళ్ళు విప్పి, హ్యాండిల్ అడ్డంగా తిప్పి కట్టి, గోనెతో చుట్టి, మీ టికెట్ మీదనే లగేజీగా బుక్ చేయించండి. వెనుక గేరు మార్చే భాగానికి అట్టముక్క కట్టడం మరవకండి, బ్రేక్ వ్యాన్‌లో బస్తాల కింద ముందుగా వంగేది అదే.

రోజుకు 50, 60 కిలోమీటర్ల చొప్పున తొక్కితే ఆరు రోజులు హాయిగా సరిపోతాయి. ఓసియాఁలో పాత గుళ్ళు, వాటి వెనుకనే దిబ్బలు ఉన్నాయి. ఫలోదీ పక్కన ఖీచన్ గ్రామంలో, దూరదేశాల నుంచి చలికాలానికి వచ్చే కుర్జా కొంగలు వేల సంఖ్యలో దిగుతాయి, ఊరివాళ్ళు వాటికి గింజలు చల్లుతారు. అక్కడ ఒక ఉదయం ఆగకుండా వెళ్ళిపోవడం మా దృష్టిలో తప్పు. పోఖ్రాన్ నుంచి జైసల్మేర్ సుమారు 110 కిలోమీటర్లు, అంటే రెండు రోజుల దూరం, మధ్యలో లాఠీ అనే ఊరు ఉంది. ఈ ముక్కలో రోడ్డు వదిలి గడ్డిమైదానాలలోకి పోకండి. ఒకప్పుడు మన పాత కర్నూలు జిల్లా రోళ్ళపాడులో కనిపించిన బట్టమేక పిట్ట ఇప్పుడు బతికి ఉన్న కొద్దిచోట్లలో ఇది ఒకటి.

నీళ్ళ లెక్కకు వద్దాము. మిగిలినవాటిలో కొంచెం అటూ ఇటూ అయినా గడుస్తుంది, ఇందులో గడవదు. డిసెంబరులో పగటి ఎండ 25 డిగ్రీల దరిదాపులలో ఉంటుంది కనుక తాగడానికి రోజుకు 4 నుంచి 5 లీటర్లు, వంటకూ ముఖం కడుక్కోవడానికీ మరొక లీటరు అనుకోండి. మేము చెప్పిన దారిలో ప్రతిరోజూ ఏదో ఒక ఊరు తగులుతుంది కాబట్టి బయలుదేరేటప్పుడు 6 లీటర్లు ఉంటే చాలు. తనోట్ వైపు వెళితే మాత్రం రామ్‌గఢ్‌లో రెండు రోజులకు సరిపడా, అంటే 12 లీటర్లు నింపుకోవాలి. అది 12 కిలోల బరువు. ఆ బరువంతా వెనుక క్యారియర్ మీద పైన కడితే ముందు చక్రం తేలిపోతుంది, అందుచేత రెండు వైపులా కిందికి వేలాడేలా పంచండి. ఎప్పుడూ ఒకే డబ్బాలో పోయకండి. ఒక ముల్లు గుచ్చుకున్నా, ఒక మూత వదులైనా మీ నీళ్ళన్నీ ఒక్కసారిగా ఇసుకపాలు కాకుండా కనీసం నాలుగు సీసాలలో ఉండాలి.

అక్కడి నీళ్ళ సంగతి కూడా తెలుసుకోవాలి. జైసల్మేర్‌లో ఏడాది వర్షపాతం సాధారణంగా 200 మిల్లీమీటర్ల లోపే. ఆ కొద్ది వానను ఇంటి ముందు భూమిలో కట్టిన టాంకా అనే తొట్టిలోకి మళ్ళించి దాచుకుంటారు. బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, ఫ్లోరైడ్ కూడా ఎక్కువ. చేతి ఫిల్టరు క్రిములను ఆపుతుంది గానీ ఉప్పునూ ఫ్లోరైడ్‌నూ ఆపదు, మరిగించినా అవి పోవు. అందువల్ల ఊరివాళ్ళు తాగే నీళ్ళు ఏవో అడిగి అవే తీసుకోండి, టాంకా నీళ్ళయితే వడగట్టి మరిగించుకోండి. అవి ఒక కుటుంబం ఏడాది పొడుగునా దాచుకున్న నీళ్ళు కాబట్టి అడగకుండా ముంచుకోవడం దొంగతనం కిందికే వస్తుంది. ఇస్తామన్నా స్నానానికి వాడకండి. గిన్నెలు అక్కడివాళ్ళలాగే ఇసుకతో తోమి గుడ్డతో తుడిచేయవచ్చు. నీరసంగా ఉన్నా, తల నొప్పిగా ఉన్నా వట్టి నీళ్ళు అదేపనిగా తాగకండి. ఓఆర్‌ఎస్ పొట్లం లేకపోతే లీటరు నీటికి తల కొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలుపుకోండి.

ఎడారి అంటే వేడి ఒక్కటే గుర్తుంటుంది. దానికి కారణం లేకపోలేదు, 2016 మే 19న మన దేశంలో రికార్డయిన 51 డిగ్రీల ఎండ ఈ దారిలోని ఫలోదీలోనే కాసింది. కానీ డిసెంబరులో మీకు ఎదురయ్యేది చలి. సూర్యుడు దిగిన గంటలోనే ఇసుక చల్లబడుతుంది, తెల్లవారుజామున 7, 8 డిగ్రీలకు, చలిగాలుల రోజుల్లో ఇంకా దిగువకు పడిపోతుంది. మీ పడక సంచీ ఎంతవరకు ఆపుతుందో కొరాపుట్ జిల్లా పొట్టంగి, సెమిలిగుడ వైపు ఒక డిసెంబరు రాత్రి ఆరుబయట పడుకొని చూస్తే తెలిసిపోతుంది, అక్కడి చలి దీనికి ఏమీ తీసిపోదు. కింద పరుచుకునే ఫోమ్ పరుపు లేకుండా వెళ్ళవద్దు. ఎంత మంచి సంచీ అయినా ఒంటి బరువుకు కింది భాగం నలిగిపోయి నేల చలిని ఆపలేదు.

గుడారం మేకులు ఇసుకలో నిలవవు. నాలుగు చిన్న గుడ్డసంచులు తీసుకువెళ్ళి, వాటినిండా ఇసుక పోసి, మూతి బిగించి, గుడారం తాళ్ళను వాటికి కట్టి, మూరెడు లోతు గొయ్యిలో పాతిపెట్టి పైన ఇసుక తొక్కితే ఎంత గాలికైనా కదలవు. ఉదయం తవ్వి ఇసుక పారబోసుకుంటే బరువు కూడా ఉండదు. జిప్పులలో ఇసుక చేరితే పళ్ళు కొరకడం మానేస్తాయి కాబట్టి పాత టూత్‌బ్రష్‌తో రోజూ దులపండి. చలిమంట కోసం చెట్టుకొమ్మ విరవకండి. అక్కడ ఖేజ్రీ అని పిలిచేది మన జమ్మిచెట్టే. దాన్ని నరకనివ్వకుండా 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీలో 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. ఆ సంగతి ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఇంట్లోవాళ్ళకు ధైర్యం మాటలు చెప్పి లాభం లేదు, ఒక కాగితం రాసి ఇవ్వండి. ఏ రోజు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళతారో, రోజూ ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారో, సిగ్నల్ లేక చేయలేకపోతే ఎంతసేపు ఆగాలో, ఆ తరువాత ఎవరికి ఫోన్ చేయాలో అందులో ఉండాలి. అత్యవసరానికి 112, అంబులెన్స్‌కు 108 అక్కడా పనిచేస్తాయి. రోజూ బయలుదేరే ముందు టీ తాగిన కొట్టు యజమానికి కూడా మీరు వెళ్ళే ఊరి పేరు చెప్పండి. ఎవరికీ చెప్పకుండా దారి మార్చకూడదన్న ఒక్క నియమాన్ని మీరు పాటిస్తారని నమ్మకం కుదిరితే ఇంట్లోవాళ్ళు సగం మెత్తబడతారు. దాన్ని పాటించలేనివారు ఒంటరిగా వెళ్ళకపోవడమే మంచిదని మేము కూడా వారి పక్షానే చెబుతాము.

ప్రశ్న: నా దగ్గర ఉన్నది మా నాన్నగారు వాడిన నల్ల సైకిల్. గేర్లు లేవు. ఖరీదైన సైకిల్ కొనే స్తోమత లేదు. దీనితో ఎడారిలో రోడ్డు ప్రయాణం సాధ్యమా? పంక్చర్ల సంగతి ఏమిటి?
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: పై జవాబులోని జోధ్‌పూర్–జైసల్మేర్ దారికి నిక్షేపంలా సరిపోతుంది. నేల దాదాపు చదునుగా ఉంటుంది, మీ గుణుపురం చుట్టుపక్కల ఎక్కే ఎత్తుల ముందు అక్కడి చిన్న ఎత్తుపల్లాలు లెక్కలోకి రావు. రోజుకు పది పదిహేను కిలోమీటర్లు తక్కువ తొక్కుతారు, అంతే. పైగా మీ బండికి ఒక లాభం ఉంది. 28 అంగుళాల చక్రానికి ట్యూబు, టైరు, స్పోకులు రాజస్థాన్ పల్లెలలో కూడా దొరుకుతాయి. కొత్తరకం సన్న చక్రాల సైకిల్ తీసుకువెళ్ళేవాళ్ళకు ట్యూబు పట్టణంలో తప్ప దొరకదు, దాని సన్న వాల్వుకు పల్లె దుకాణంలోని పంపు పట్టదు. వారు రెండు ట్యూబులు, పంపు, వాల్వుకు అడాప్టరు వెంట ఉంచుకోవాలి.

బయలుదేరే ముందు చక్రాల బేరింగులు విప్పించి కొత్త గ్రీజు పెట్టించండి, వెనుక చక్రం స్పోకులు బిగింపు సరిచూపించండి, బ్రేకు రబ్బర్లు మార్పించండి. సామాను బరువంతా వెనుక చక్రం మీద పడుతుంది కనుక తెగితే అక్కడి స్పోకే తెగుతుంది. చైనుకు నూనె దట్టంగా పోయడం మన అలవాటు. ఇసుక నేలలో ఆ అలవాటు చైనును అరగదీస్తుంది, ఎందుకంటే తడి నూనెకు ఇసుక అంటుకొని గరుకు కాగితంలా పనిచేస్తుంది. సాయంత్రం పొడిగుడ్డతో చైనును తుడిచి, లింకుకు ఒక చుక్క వేసి, పైకి కనిపించే నూనెను మళ్ళీ తుడిచేయండి.

పంక్చర్లు తప్పవు. అక్కడ రోడ్డుపక్కన ఉండేవి మన పల్లేరు కాయలే, మన సర్కారు తుమ్మ ముళ్ళే. మూత్రం కోసం ఆగినప్పుడైనా సైకిల్‌ను తారు మీది నుంచి గడ్డిలోకి దింపకండి, అవసరమైతే ఎత్తి పట్టుకొని దాటించండి. ముల్లు గుచ్చుకున్నా గాలి దిగకపోతే దాన్ని వెంటనే పీకవద్దు, ఆ ముల్లే బిరడాగా ఉండి మిమ్మల్ని ఊరిదాకా చేర్చవచ్చు. పంక్చర్ దుకాణంలో తొట్టి నీళ్ళలో ట్యూబు ముంచి బుడగలు చూస్తారు. ఎడారిలో అన్ని నీళ్ళు ఖర్చు పెట్టలేరు కాబట్టి ట్యూబును మామూలు కంటే లావుగా ఊదించి, పెదవులకు దగ్గరగా నెమ్మదిగా తిప్పండి. సన్నగా వచ్చే గాలి చల్లగా తగిలిన చోట పెన్నుతో గుర్తు పెట్టుకోండి. అతుకు వేసిన తరువాత టైరు లోపలి వైపంతా ఒక గుడ్డతో తడమండి. గుడ్డ పోగు చిక్కుకున్న చోట విరిగిన ముల్లుకొన ఉంటుంది, అది తీయకుండా ట్యూబు ఎక్కిస్తే అరగంటలో మళ్ళీ ఇదే పని.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని. స్త్రీ ఒంటరిగా ఈ ప్రయాణం చేయవచ్చా? గుడారంలో పడుకోవడం క్షేమమేనా? మర్యాదకు కాకుండా నిజం చెప్పండి.
— ఒక పాఠకురాలు, జయపురం

జవాబు: ప్రయాణం చేయవచ్చునమ్మా. గుడారం మాత్రం రోడ్డుపక్క ఒంటరి చోట వేయవద్దు. మగవారికి కూడా మేము అదే చెబుతాము, మీ విషయంలో మినహాయింపు లేకుండా చెబుతున్నాము.

రాత్రి మకాంకు రెండు మార్గాలు ఉన్నాయి. ఓసియాఁ, రామ్‌దేవ్‌రా యాత్రాస్థలాలు కాబట్టి ధర్మశాలలు ఉన్నాయి. రామ్‌దేవ్‌రాలో హిందువులూ ముస్లింలూ కొలిచే రామ్‌దేవ్ బాబా సమాధి ఉంది, కాలినడకన వచ్చే యాత్రికులకు ఆ ఊరు బాగా అలవాటు పడింది, అందువల్ల ఒంటరిగా వచ్చిన స్త్రీని అక్కడ వింతగా చూడరు. రెండవ మార్గం ఢాణీ. సూర్యాస్తమయానికి ఒక గంట ముందు, ఆడవాళ్ళు కనిపిస్తున్న ఇంటి ముందు రోడ్డు మీదనే ఆగి, ‘రామ్ రామ్ సా’ అని పలకరించి, నీళ్ళు అడగండి. మగవాళ్ళు మాట్లాడడానికి వచ్చినా, ఇంటి ఆడవాళ్ళు బయటికి వచ్చి మాట కలిపేదాకా గుడారం ప్రస్తావన తేకండి. వాళ్ళు రమ్మంటే ఆవరణలో ఒక మూల వేసుకోవచ్చు. చాలాసార్లు మంచమే వేసి పెడతారు. వాళ్ళ ముఖాలలో ఏ కొంచెం తటపటాయింపు కనిపించినా నీళ్ళు తాగి ముందుకు వెళ్ళగలిగేలా వెలుగు మిగిలి ఉండాలి, ఆ గంట ముందు ఆగమనడం అందుకే. మీ హిందీ సరిపోతుంది. వాళ్ళు తమలో తాము మాట్లాడుకునే మార్వాడీ మొదటి రెండు రోజులు అర్థం కాకపోయినా కంగారు పడకండి.

జీలకర్ర, ఇసబ్‌గోల్ వేసిన పొలాలలోకి సైకిల్ దింపవద్దు, చలికాలంలో అక్కడ అవే పంటలు. దేవతల పేరిట వదిలిన ఓరణ్ భూములు కూడా ఖాళీగా కనిపిస్తాయి, అక్కడ పుల్ల విరిచినా ఊరంతా తప్పు పడుతుంది.

జైసల్మేర్ దగ్గరి సమ్, ఖూరీ దిబ్బల దగ్గర పర్యాటకుల గుడారాలు వరసగా ఉంటాయి. డిసెంబరు చివరి వారంలో అక్కడ పాటల హోరు, జీపుల రద్దీ, తాగినవాళ్ళ గోల ఉంటాయి కనుక ఆ వారం వాటి జోలికి పోకండి. సెలవు పెట్టగలిగితే జనవరి రెండవ వారంలో వెళ్ళండి. పాఠశాల సెలవుల లెక్క మాకు తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాము. చీకటి పడ్డాక మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తొక్కకండి. మనుషుల భయం ఒకవైపు అయితే, రోడ్డుకు అడ్డంగా పడుకొనే ఆవులూ హఠాత్తుగా దాటే నీల్‌గాయిలూ మరొక వైపు. అక్కడి రోడ్డు ప్రమాదాలలో వీటి పాత్ర చిన్నది కాదు.

ప్రశ్న: ఎడారిలో పాములు, తేళ్ళ బెడద ఎంత?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: చలికాలపు రాత్రులలో తక్కువ, లేదని మాత్రం కాదు. ఇసుక నేలలో ఎక్కువగా ఉండేది చిన్న పింజర. మూరెడు పొడవు, ఇసుక రంగు, బెదిరినప్పుడు ఒంటి పొలుసులు రాచి బరబర చప్పుడు చేస్తుంది. రాత్రి గుడారం బయటికి వెళితే బూట్లు వేసుకొని, దీపం వెలుగు నేల మీద పడేలా నడవండి. బూట్లు గుడారం లోపలే ఉంచి ఉదయం దులిపి తొడగండి. కట్టెల కుప్ప, రాళ్ళ గోడ, ఎలుక బొరియలు ఉన్న గట్టు పక్కన పడుకోకండి. కాటు పడితే కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా చూసుకొని 108కి ఫోన్ చేసి జిల్లా ఆసుపత్రికి చేరాలి. మన దేశంలో విరుగుడు మందు తయారీకి వాడే విషంలో చాలా భాగం తమిళనాడు పాముల నుంచి సేకరిస్తారు. పశ్చిమ రాజస్థాన్ చిన్న పింజర కాటుకు ఆ మందు ఎక్కువ మోతాదులో అవసరం కావడం అక్కడి వైద్యులకు అనుభవమే. అందువల్ల చిన్న కేంద్రంలో ఒక సీసా ఎక్కించి పంపేసినా, పెద్ద ఆసుపత్రికి వెళ్ళి పరిశీలనలో ఉండడం అవసరం.

ప్రశ్న: వెళ్ళే ముందు ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర సముద్రపు ఇసుకలో గుడారం వేసి సాధన చేయాలనుకుంటున్నాను. ఫిబ్రవరి అయితే మంచిదేనా?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఫిబ్రవరి అసలే వద్దు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఆ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలలలోనే, పిల్లలు బయటికి రావడానికి మరొక నెలన్నర పైగా పడుతుంది. గుడారం దీపాలు వాటికి దారి తప్పిస్తాయి, అటవీశాఖవారు ఊరుకోరు కూడా. ఉప్పునీటి ఇసుక చైనుకూ బేరింగులకూ చేటు. వంశధార, నాగావళి ఇసుక తిన్నెలు మీకు అంతకంటే బాగా పనికొస్తాయి. ఎగువన వాన లేని రోజు చూసి పగలు సామానుతో సైకిల్ తోసి చూడండి, ఇసుక సంచులు పాతి గుడారం నిలబెట్టి చూడండి, రాత్రికి మాత్రం నదీగర్భంలో కాకుండా గట్టు మీదికి వచ్చేయండి.

ప్రశ్న: విదేశంలో ఉన్న మా అన్నయ్య సిగ్నల్ లేని చోట కూడా సందేశాలు పంపే శాటిలైట్ పరికరం ఇస్తానంటున్నాడు. దానితో పాటు చిన్న గ్యాస్ పొయ్యి కూడా తీసుకువెళ్ళవచ్చా?
— ఒక పాఠకుడు, మల్కన్‌గిరి

జవాబు: శాటిలైట్ పరికరం వద్దని మీ అన్నయ్యగారికి ఈరోజే చెప్పండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను గానీ అటువంటి సందేశ పరికరం గానీ మన దేశంలో దగ్గర ఉంచుకోవడం నేరం. తెలియక విమానాశ్రయాలలో దొరికిపోయిన విదేశీ యాత్రికులు ఉన్నారు, సరిహద్దు జిల్లాలో మీ సంచీలో అది కనిపిస్తే ‘తెలియదు’ అన్న మాట ఎవరూ వినరు. డ్రోన్ కూడా తీసుకువెళ్ళకండి. మామూలు ఫోన్, రెండు కంపెనీల సిమ్ములు, ముందుగా దించుకున్న మ్యాపు, ఒక పవర్ బ్యాంకు ఉంటే రోడ్డు ప్రయాణానికి చాలు.

గ్యాస్ డబ్బాను రైలులోకి తేవడం రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద శిక్షార్హం, కిరోసిన్‌కూ అదే వర్తిస్తుంది. పొయ్యి ఒక్కటి తీసుకువెళ్ళి, సరిపడే డబ్బా జోధ్‌పూర్‌లో దొరికితే కొనుక్కోండి. దొరకకపోయినా నష్టం లేదు. అటుకులు, బెల్లం, వేయించిన పల్లీలు, మీ ఇళ్ళలో ఎప్పుడూ ఉండే, గింజలు వేయించి విసిరిన ఛతువా పిండి ఉంటే పొయ్యి వెలిగించకుండానే రెండు పూటలు గడుస్తాయి, మూడవ పూటకు ధాబాలో సజ్జరొట్టె, మజ్జిగ పులుసు దొరుకుతాయి. ఛతువాను నీళ్ళలో కలుపుకోవాలి కనుక ఆ గ్లాసు నీళ్ళను కూడా రోజు లెక్కలో వేసుకోండి.